సంస్కరణలు సరే, నర్సు గంటల లెక్క ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రభుత్వ వైద్యం ఈ కొన్నేళ్లలో చాలా మారింది. 2023 సెప్టెంబరు 15న విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తెరిచారు. పల్లెల్లో సబ్ సెంటర్లు విలేజ్ హెల్త్ క్లినిక్కులయ్యాయి. బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు వాటిలో మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా (ఎంఎల్‌హెచ్‌పీలుగా) పనిచేస్తున్నారు. ఆరోగ్యశ్రీని 2007లో తొలుత మూడు జిల్లాల్లోనే మొదలుపెట్టారు, అందులో శ్రీకాకుళం ఒకటి. నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న ఆ పథకానికి 2.5 లక్షల రూపాయల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు చెల్లించే కొత్త విధానాన్ని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. ఢిల్లీలో చూస్తే, 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023 ఆగస్టులో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది.

వీటిలో ఏదీ వద్దని నర్సులమైన మేం అనడం లేదు. ఇచ్ఛాపురం నుంచి, ఎస్.కోట నుంచి ప్రతి రోగమూ విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్‌కు) పరుగెత్తే రోజులు తగ్గాలనే మా కోరిక కూడా. అయితే కొత్తగా పెట్టే ప్రతి పడక, ప్రతి డయాలసిస్ మిషన్, ప్రతి యాప్, ప్రతి బీమా క్లెయిము చివరకు వచ్చి ఆగేది నర్సు చేతి దగ్గరే. భవనానికి ఎంత, పరికరాలకు ఎంత అన్నదాని మీద జరిగినంత చర్చ ఆ చేతులు ఎన్ని, రోజుకు ఎన్ని గంటలు దొరుకుతాయి అన్నదాని మీద జరగడం లేదు. ఆ లెక్కను పాఠకుల ముందు పెట్టాలనే ఈ ఉత్తరం.

ముందు అసలు కూడిక చూద్దాం. వార్డులో ఒక కుర్చీలో ఏడాది పొడవునా రాత్రీ పగలూ ఒక నర్సు ఉండాలంటే 365 రోజులు, రోజుకు 24 గంటలు, మొత్తం 8,760 గంటలు. రెగ్యులర్ ఉద్యోగికి 52 వారపు సెలవులు, 15 క్యాజువల్ లీవులు, 30 ఆర్జిత సెలవులు తీసేస్తే మిగిలేది 268 రోజులు. సగటున రోజుకు 8 గంటల చొప్పున 2,144 గంటలు. 8,760ని దానితో భాగిస్తే నాలుగు దాటుతుంది. పండగ సెలవులు, మహిళా ఉద్యోగుల అదనపు 5 క్యాజువల్ లీవులు, 180 రోజుల ప్రసూతి సెలవు, శిక్షణలు, డిప్యుటేషన్లు ఇందులో ఇంకా కలపలేదు. కాబట్టి 'ఈ వార్డుకు నలుగురు స్టాఫ్ నర్సులున్నారు' అని ఎవరైనా చెబితే, ఏ వేళ వెళ్లినా అక్కడ ఉండేది ఒక్కరేనని అర్థం చేసుకోవాలి. ఆ ఒక్కరికి జ్వరమొస్తే ఆ వేళకు ఆ ఒక్కరూ ఉండరు.

అదే 30 పడకల వార్డులో 6 పడకలకు ఒకరు చొప్పున మూడు షిఫ్టుల్లోనూ ఉండాలంటే 5 కుర్చీలు, అంటే 20 మందికి పైనే కావాలి. చాలా ఆసుపత్రుల్లో షిఫ్టులు ఉదయం 8 నుంచి 2, 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి మళ్లీ ఉదయం 8. పన్నెండు గంటల రాత్రి డ్యూటీలోనే మనుషులు అన్నిటికంటే తక్కువ. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య కళ్లు మూతలు పడే వేళ మందు మోతాదు లెక్క తప్పే ప్రమాదం ఎక్కువ. మంజూరైన పోస్టుల్లో ఖాళీలెన్ని అన్న ప్రశ్న తర్వాతిది. ఆ మంజూరు సంఖ్య వేసేటప్పుడే ఈ నాలుగింతల లెక్క వేశారా అన్నది మొదటి ప్రశ్న.

ఇక పని దగ్గరికి వద్దాం. కాన్పుల గదిని తీసుకోండి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇవ్వాలి. ఇచ్చేముందు కడుపులో ఇంకో బిడ్డ లేదని చేత్తో చూసుకోవాలి. బిడ్డను తుడిచి, ఏడవకపోతే ఆ క్షణంలోనే ఊపిరి సంగతి చూడాలి. అంతా బాగుంటే తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, 1 నుంచి 3 నిమిషాల మధ్య బొడ్డు కత్తిరించి, గంటలోపు పాలు పట్టించాలి. బిడ్డకు విటమిన్ కె వేయాలి. మాయ పూర్తిగా వచ్చిందో లేదో తిరగేసి చూడాలి, ముక్క లోపల ఉండిపోతే రక్తస్రావం ఆగదు. ఆ తర్వాత రెండు గంటలూ ప్రతి 15 నిమిషాలకు తల్లి నాడి, బీపీ, గర్భసంచి గట్టిగా ఉందా, రక్తం ఎంత పోతోంది అన్నవి చూడాలి. కాన్పు తర్వాత రక్తం పోయి తల్లి ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఈ రెండు గంటల్లోనే.

ఒక తల్లికి రెండు గంటల్లో 8 సార్లు చూడాలి. సరిగ్గా చూసి, చేతులు కడుక్కుని, కేస్ షీటులో రాయడానికి ఒక్కోసారికి 4 నిమిషాలు వేసుకోండి. ముగ్గురు బాలింతలుంటే 24 సార్లు, 96 నిమిషాలు. ఉన్నది 120 నిమిషాలు. అప్పుడే ఇంకో గర్భిణికి నొప్పులు ఎక్కువయ్యాయనుకోండి. ఆమెకు ప్రతి అరగంటకు పూర్తి నిమిషం పాటు బిడ్డ గుండె కొట్టుకోవడం వినాలి, ముక్కడం మొదలయ్యాక ప్రతి 5 నిమిషాలకు వినాలి, కాన్పు ఎలా సాగుతోందో చూపే చార్టు, అంటే పార్టోగ్రాఫ్ గీయాలి. గదిలో నర్సు ఒక్కరే ఉంటే ఏదో ఒకటి తప్పుతుంది. తప్పేది ఎప్పుడూ కనిపించని పనే, అంటే 15 నిమిషాల పరీక్షే. అంకెలు తర్వాత ఒక్కసారిగా నింపేస్తారు. వరుసగా ఎనిమిది గడుల్లోనూ 110/70 అని ఒకే సిరాతో, ఒకే వాలులో ఉన్న చార్టు చూస్తే తెలిసినవాళ్లకు అర్థమైపోతుంది: అక్కడ మనిషి లేరు, గడులు మాత్రం నిండాయి. కాన్పుల గదుల నాణ్యత కోసం 2017 చివర్లో తెచ్చిన లక్ష్య కార్యక్రమం గడి నిండిందా అని అడుగుతోంది. నిండడానికి ఎన్ని చేతులు కావాలో కూడా అదే నోటితో అడగాలి.

ఈ గదికోసమే 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. స్టాఫ్ నర్సులకు 18 నెలల శిక్షణ ఇచ్చి మిడ్‌వైఫరీ ప్రాక్టీషనర్లుగా తయారుచేయడం, మామూలు కాన్పులు వాళ్ల చేతుల మీదుగా జరిగేలా చూడడం దాని సారాంశం. అనవసరపు సిజేరియన్లు తగ్గాలంటే ఇదే సరైన దారి. కానీ ఏడాదిన్నర శిక్షణ పొందిన మనిషిని తిరిగొచ్చాక సిబ్బంది చాలడం లేదని జనరల్ వార్డు రొటేషన్‌లో వేస్తే ఆ శిక్షణ గోడకు తగిలించిన సర్టిఫికెట్టుగా మిగులుతుంది. పోస్టు పేరులోనే కాన్పుల గది అని రాసి, బదిలీ చేసినా మరో కాన్పుల గదికే చేస్తామని ఉత్తర్వులో ఉంటే తప్ప ఇది నిలవదు. ఘోషా ఆసుపత్రిలాంటి పెద్ద ప్రసూతి కేంద్రం విజయనగరంలో ఉంది కాబట్టి ఇలాంటి ఏర్పాటుకు మన దగ్గర చోటు లేదనడానికి లేదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం సంగతి ఇంకా సున్నితం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల డయాలసిస్ మీద బతుకుతున్న కుటుంబాలకు ఇంటి దగ్గరలో మిషన్ రావడం ఎంత పెద్ద ఊరటో అందరికీ తెలుసు. మిషన్ వచ్చిందంటే డయాలసిస్ వచ్చినట్టే అనుకోవడం మాత్రం సరికాదు. ఒక్క సెషన్ సుమారు 4 గంటలు. మిషన్‌లోకి నిమిషానికి అర లీటరు చొప్పున 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు పోతుంది. రోగి రక్తం నిమిషానికి 300 మిల్లీలీటర్ల దాకా బయటకు వచ్చి వడపోతై వెనక్కి వెళ్తుంది. ఈ నాలుగు గంటలూ కనీసం అరగంటకోసారి బీపీ చూడాలి.

సూది పెట్టిన చెయ్యి ఎప్పుడూ దుప్పటి బయట, నర్సు కంటికి కనపడేలా ఉండాలి. చలేస్తోందని రోగి చెయ్యి లోపలికి లాక్కుంటాడు. రక్తం తిరిగి లోపలికి వెళ్లే సూది ఆ దుప్పటి కింద జారిందంటే రెండే రెండు నిమిషాల్లో అర లీటరుకు పైగా రక్తం పరుపులోకి పోతుంది. కొన్నిసార్లు మిషన్ అలారం కూడా మోగదు. చూసే కన్ను తప్ప దానికి ఇంకో రక్షణ లేదు.

ఒంట్లో ఎక్కువైన నీరు తీసే లెక్కా అంతే. 50 కిలోల మనిషికి గంటకు కిలోకు 13 మిల్లీలీటర్లకు మించి తీయకపోవడం మంచిదని కిడ్నీ వైద్యంలో చెబుతారు. అంటే 4 గంటల్లో 2.6 లీటర్లు. ఎండలో జీడితోటల్లో తిరిగి, దాహానికి నీళ్లు తాగి మూడున్నర కిలోలు ఎక్కువ బరువుతో వచ్చిన రోగికి అదంతా ఆ పూటే తీసేయబోతే మధ్యలో బీపీ పడిపోతుంది. మొదట ఆవులింతలు, తర్వాత చెమట, పిక్కల్లో పట్టేయడం, ఆపైన స్పృహ తప్పడం. ఆవులింత దగ్గరే నర్సు గమనిస్తే నీరు తీయడం ఆపి, తల భాగం దించి, సెలైన్ కొంచెం ఇస్తే సరిపోతుంది. ఆ నర్సు అప్పుడు మూడు పడకల అవతల ఇంకొకరికి సూది పెడుతుంటే ఆవులింత ఎవరి కంటా పడదు. మిషన్‌ను పిండే ఆత్రంలో ఒక బ్యాచికీ ఇంకో బ్యాచికీ మధ్య శుభ్రం చేసే సమయాన్ని కుదించడం ఇంకో ముప్పు. హెపటైటిస్ ఉన్నవాళ్ల మిషన్ వేరుగా ఉంచడం, లైన్లను సెలైన్‌తో సరిగా కడగడం, నీటి ప్లాంటు రోజూ పరీక్షించడం, వీటిలో ఏది దాటేసినా ఆ దోషం వారాల తర్వాత జ్వరంగానో కామెర్లుగానో బయటపడుతుంది. కాబట్టి మిషన్లు పెంచామన్న ప్రకటన పక్కనే ఎన్ని మిషన్లకు ఎంతమంది డయాలసిస్ శిక్షణ పొందిన నర్సులు, ఏ షిఫ్టులో అన్న వాక్యం ఉండి తీరాలి. ఈ పని మామూలు వార్డు నర్సును పిలిచి ఈ పూట చూడమ్మా అంటే అయ్యేది కాదు. చేయి కుదరడానికే నెలలు పడుతుంది.

పల్లె క్లినిక్ కథ వేరు. అక్కడ ప్రమాదం ఇంత కళ్లెదురుగా ఉండదు, మెల్లగా వస్తుంది. రాష్ట్రంలో సుమారు 2,500 జనాభాకు ఒక క్లినిక్ అన్నది ఉద్దేశం. గర్భిణుల పరీక్షలు, టీకాలు, బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్ల ముందస్తు పరీక్షలు, మానసిక ఆరోగ్యం, వృద్ధుల సంరక్షణ అంటూ మొత్తం 12 రకాల సేవలు దాని నెత్తిన ఉన్నాయి. 2,500 మందిలో 30 ఏళ్లు దాటినవాళ్లు సగం అనుకుందాం, 1,250 మంది. మనిషిని కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు స్థిమితపడనిచ్చి, భుజానికి నేరుగా బీపీ పట్టీ (కఫ్) కట్టి రెండుసార్లు బీపీ చూసి, వేలు గుచ్చి షుగర్ చూసి, నోట్లో టార్చి వేసి, ట్యాబులో ఎక్కించడానికి 12 నిమిషాలకు తక్కువ పట్టదు. అంటే 250 గంటలు, 31 పనిదినాలు. మిగతా 11 సేవలూ ఆపేసినా నెలలో ఒక్క రౌండు కూడా పూర్తికాదు.

అందుకే కోత పడేది ఆ అయిదు నిమిషాల స్థిమితం మీద. పొలం నుంచి నడిచి వచ్చిన మనిషికి రాగానే, చొక్కా చెయ్యి మీదే కఫ్ కట్టి చూస్తే అంకె పైకే వస్తుంది. లావు చేతికి చిన్న కఫ్ కడితే ఇంకా పైకి పోతుంది. లేని బీపీకి మాత్ర మొదలవుతుంది, ఉన్న బీపీ 'కంట్రోల్‌లో లేదు' అని మాత్ర పెరుగుతుంది. ఒళ్లునొప్పులకు కొట్లో కొనుక్కుని వేసుకునే మాత్రల గురించి అడిగి, కిడ్నీకి అవి ఎందుకు చెడో చెప్పాల్సింది కూడా ఈ పూటే. ఉద్దానంలో ఆ ఒక్క మాటకున్న విలువ ఏ యాప్ అంకెకూ లేదు.

నోటి పరీక్షలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. తీరం వెంబడి ఊళ్లలో అడ్డపొగ తాగే పెద్ద వయసు ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం వల్ల వాళ్లకు మచ్చలు, పుండ్లు వచ్చేది అంగిలి మీద. మామూలుగా నోరు తెరవమని నాలుకా బుగ్గలూ చూసి పంపేస్తే అంగిలి కనపడదు. తల వెనక్కి వాల్చి, టార్చి కిందినుంచి పైకి వేయాలి. అలా చూడడానికి పట్టేది ఇంకో నిమిషమే. ఆ నిమిషం ఉండాలి కదా. అదే సమాచారాన్ని ఒకసారి రిజిస్టరులో, ఇంకోసారి ఒక యాప్‌లో, మరోసారి వేరే యాప్‌లో ఎక్కించడంలో ఆ నిమిషాలు పోతున్నాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సిగ్నల్ కోసం చెట్టుకిందికీ మిట్టమీదికీ నడిచే సమయం వేరే. యాప్ వచ్చినప్పుడు రిజిస్టరు పోవాలి. రెండూ ఉంటే సంస్కరణ పేరుతో పని రెట్టింపైనట్టే. పైగా ఎంఎల్‌హెచ్‌పీల రాబడిలో కొంత పనితీరు ప్రోత్సాహకంగా అంకెల మీద ఆధారపడి ఉంటుంది. జీతం అంకెకు ముడిపడినప్పుడు అంకె అందంగా ఉండడం సహజం, అది నిజంగా ఉండడం మనుషులు, సమయం ఇస్తేనే.

ఇక అధికారం విషయం. టెలీ కన్సల్టేషన్‌లో డాక్టరు తెరమీద ఉంటారు, రోగి పక్కన నర్సు ఉంటుంది. కడుపు నొక్కి చూసేది ఆమె, మందు చేతిలో పెట్టేది ఆమె. మందుల చీటీ రాతపూర్వకంగా వస్తే గొడవ లేదు. లైను తెగి, ఫోన్‌లో 'ఆ ఇంజెక్షన్ చేసెయ్యమ్మా' అన్న మాట మీద చేస్తే రేపు ఏదైనా అయితే కాగితం మీద కనిపించేది ఆమె సంతకం ఒక్కటే. అలాంటప్పుడు విన్న మాటను తిరిగి పైకి చదివి వినిపించడం, మందు పేరు, మోతాదు, సమయం, చెప్పిన డాక్టరు పేరు అప్పటికప్పుడు రాయడం, 24 గంటల్లో డాక్టరు చేత సంతకం చేయించడం అన్న పద్ధతి ప్రతి క్లినిక్‌లోనూ, ప్రతి రాత్రి డ్యూటీలోనూ తప్పనిసరి చేయాలి. ఆ సంతకం పెట్టని డాక్టరును అడిగే బాధ్యత సూపరింటెండెంటుది కావాలి, జూనియర్ నర్సుది కాదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో మధ్యస్థాయి ఆరోగ్య సేవకులకు పరిమిత లైసెన్సు, ప్రాథమిక వైద్యంలో నిర్ణీత మందులు స్వయంగా ఇచ్చే వీలు ఉన్నాయి. ఆ వీలు పుస్తకంలో ఉంటే చాలదు. పల్లె క్లినిక్‌లో నర్సు తనంతట తాను ఇవ్వగల మందులివి, డాక్టరు చెబితేనే ఇవ్వాల్సినవి ఇవి, ఎట్టి పరిస్థితిలో ఇవ్వకూడనివి ఇవి అని తెలుగులో అచ్చు వేసి గోడకు అంటించాలి. పని ఇచ్చి, అధికారం ఇవ్వకుండా, తప్పు మాత్రం ఆమె మీద వేయడం ఏ సంస్కరణా కాదు.

కొత్త కమిషన్ చట్టం గురించి ఎక్కువ రాయం. మన ప్రాంతంలో నర్సుల రిజిస్ట్రేషన్‌కు మూలం 1926లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన చట్టం. అంత పాత ఏర్పాటు మారడం మంచిదే. దేశమంతటికీ ఒకే రిజిస్టరు, కళాశాలలకు రేటింగు, నైతిక నియమాలు రావడం వృత్తికి గౌరవం. నిరంతర విద్య ఏడాదికి 30 గంటల చొప్పున అయిదేళ్లకు 150 గంటలు అన్న పద్ధతి మాత్రం డ్యూటీ సమయంలోనే జరగాలి. రాత్రి డ్యూటీ దిగి, ఇల్లు చక్కబెట్టుకుని, సెలవు రోజున సొంత ఖర్చుతో విశాఖ వెళ్లి తరగతిలో కూర్చునే మనిషికి ఏం ఎక్కుతుంది?

కళాశాలల విషయంలో ఒక హెచ్చరిక. 2014 తర్వాత వచ్చిన 157 వైద్య కళాశాలల పక్కన 157 నర్సింగ్ కళాశాలలు, ఒక్కోదానికి 10 కోట్ల చొప్పున కేంద్ర సాయం, 2023 ఏప్రిల్‌లో ఆమోదించారు. సీట్లు పెరగడం బాగుంది. కానీ ఒకే బోధనాసుపత్రి వార్డుకు ఎంబీబీఎస్, బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) విద్యార్థులు, పక్క ఊళ్ల ప్రైవేటు కళాశాలల పిల్లలు ఒకే ఉదయం వస్తే ఒక్కో రోగి చుట్టూ పదిమంది నిలబడతారు. కాన్పు చేయాల్సిన పిల్ల కాన్పు చూసి వెళ్తుంది. లాగ్‌బుక్‌లో 'చేసింది' అని సంతకం పడుతుంది. ఆ పిల్ల రేపు ఏదో పీహెచ్‌సీలో రాత్రి ఒంటరిగా ఉంటుంది. మధ్యాహ్నం, రాత్రి షిఫ్టులకు కూడా బోధకులతో సహా విద్యార్థులను విడగొట్టి పంపితే ఈ ఇరుకు చాలావరకు తీరుతుంది. బోధకులు ఉదయం బస్సులో వచ్చి మధ్యాహ్నం బస్సులో వెళ్లిపోయే ఏర్పాటు ఉన్నంతకాలం తీరదు. ఇంకో మాట, విద్యార్థిని స్టాఫ్ నర్సు లెక్కలో ఎప్పుడూ కలపకూడదు.

ప్రైవేటు ఆసుపత్రుల్లోని నర్సుల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే బీమా సంస్కరణ భారం ఎక్కువగా పడేది వాళ్ల మీదే. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కేంద్ర కమిటీ 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమాన జీతం, 100 నుంచి 200 పడకలైతే 10 శాతానికి మించని తగ్గింపు, 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించని తగ్గింపు, 50 లోపైనా కనీసం 20,000 రూపాయలు ఉండాలని సిఫారసు చేసింది. ఇన్నేళ్లయినా చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో ఆ 20,000 వినడానికే కొత్తగా ఉంది. ఒక్కో చికిత్సకు పథకం ఇచ్చే ప్యాకేజీ రేటు బిగిస్తే యాజమాన్యం మొదట కోసేది నర్సుల సంఖ్యనే. పైగా క్లెయిము నిలబడేది నర్సు రాసిన నోట్సు మీదే: ఏ గంటకు ఏ మందు, ఏ బీపీ, ఎంత మూత్రం. అందుకే ఏ ఆసుపత్రినైనా ప్యానెల్‌లో చేర్చుకునేటప్పుడు పడకలు, పరికరాలు చూసినట్టే నర్సుల హాజరు పట్టీ, వాళ్ల బ్యాంకు ఖాతాలో పడిన జీతం కూడా చూడాలి. బీమా కంపెనీకైనా ట్రస్టుకైనా అది ఒక్క ఉదయం పని. అలా చూడకపోతే ఏం జరుగుతుందో ఇప్పటికే తెలుస్తోంది. చెయ్యి తిరిగిన నర్సులు గల్ఫ్ పరీక్షలకూ, జర్మన్ భాషా తరగతులకూ వెళ్లిపోతున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి మాకు నోరు రాదు.

ప్రభుత్వాన్ని మేం అడిగేవి పెద్ద డబ్బుతో పనిలేనివి కూడా ఉన్నాయి. కొత్త వార్డుకు, కొత్త మిషన్‌కు, కొత్త యాప్‌కు ఉత్తర్వు ఇచ్చేటప్పుడు దానివల్ల నర్సుకు రోజుకు ఎన్ని గంటల పని పెరుగుతుంది, ఆ గంటలు ఎవరు చేస్తారు అన్న ఒక పేజీ జతచేయాలి. పార్వతీపురంలో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) పద్ధతిలో అనుకుంటున్న వైద్య కళాశాల ఒప్పందంలోనూ ఆ పేజీ ఉండాలి. ఎవరు నడిపినా వార్డులో రాత్రి 2 గంటలకు రోగి పక్కన ఉండేది ఎవరన్నది ఒప్పందంలో రాయకపోతే తర్వాత అడగడానికి వీలుండదు. సరుకుల ఇండెంట్లు, ఉతికిన బట్టల లెక్క, సిలిండర్ల మార్పిడి, క్లెయిముల ఫొటోల అప్‌లోడ్ వంటివి నర్సు నుంచి తీసి వార్డు క్లర్కుకు, సహాయకులకు ఇస్తే చేతిలో ఉన్న మనుషులతోనే ప్రతి షిఫ్టులోనూ ఒకటి రెండు గంటలు రోగికి మిగులుతాయి.

మొదలుపెట్టడానికి ఇంకా తేలికైనది ఒకటుంది. ప్రతి వార్డు గుమ్మం పక్కన ఒక బోర్డు పెట్టి, షిఫ్టు మారగానే సుద్దముక్కతో రెండే అంకెలు రాయాలి: లోపల ఎంతమంది రోగులు, ఎంతమంది నర్సులు. విద్యార్థులను కలపకూడదు, సెలవులో ఉన్నవాళ్లను కలపకూడదు. నెల తిరిగేసరికి టెక్కలి, పలాస, రాజాం, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల్లో ఏ వార్డులో, ఏ షిఫ్టులో మనుషులు చాలడం లేదో కలెక్టరుకూ, కేజీహెచ్ దాకా పోవాలా వద్దా అని గుమ్మంలో నిలబడి ఆలోచిస్తున్న రోగి బంధువుకూ ఒకేలా తెలుస్తుంది. ఆ అంకెలు ప్రతి సోమవారం మీ జిల్లా పేజీలో వేయమని మనవి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వార్డుల్లోనూ నర్సింగ్ కళాశాలల్లోనూ పనిచేస్తున్న కొందరు నర్సులు